మెంతి కొండ మీద శాన్ జిమిన్యానో

మా లాస్యకు బొమ్మల కొలువంటే ఒళ్ళు మంట. "ఇట్స్ జస్ట్ టాయ్స్ ఆన్ స్టెప్స్, మామ్" అని పోయిన దసరాకి గదిలోంచి బయటికే రాలేదు. పదకొండేళ్ళ పిల్ల, పుట్టిందీ పెరిగిందీ ఇక్కడ ఇంగ్లండులో, వాట్‌ఫర్డ్‌లోనే. మనం తెలుగులో అడిగితే అది ఇంగ్లీషులో జవాబిస్తుంది. ఈ ఏడు మాత్రం తనంతట తానే వచ్చి కొలువు కింది మెట్టు తనకిమ్మంది. వేసవి సెలవుల్లో ఇటలీలో చూసిన శాన్ జిమిన్యానో కడుతుందట. కొండ మీద పాతకాలపు ఊరు, ఊరినిండా రాతి బురుజులు. నా ఆనందం చూడాలి! ఇది కాస్తా చెడిందంటే పిల్ల మళ్ళీ కొలువు మొహం చూడదని భయం కూడా పట్టుకుంది.

అట్టపెట్టెలు కత్తిరించి వేలెడేసి బురుజులు చేసింది. బావి ఉన్న చౌకు, చర్చి, కోటగోడ, ఏదీ వదల్లేదు. ట్రేలో మట్టితో కొండ చేసి, దాని మీద ఊరు నిలబెట్టింది. నేను ఊరుకున్నానా? కొలువులో పచ్చదనం లేకపోతే ఎలా అని, అది బడికి వెళ్ళగానే కొండంతా మెంతులు చల్లాను. ట్రేని గది వెచ్చబరిచే రేడియేటర్ పక్కకు జరిపి, గుడ్డ కప్పి, పేరంటం రోజుదాకా తియ్యొద్దని దానికి చెప్పి, పూటపూటకీ నీళ్ళు చిలకరించాను. మా అమ్మ అలాగే చేసేది మరి.

శనివారం ఇద్దరం కలిసి గుడ్డ తీశాం. ఊరేదీ! అంతా మెంతి అడవి. తడికి అట్ట నాని, బురుజులన్నీ తాగుబోతుల్లా ఒకదాని మీద ఒకటి వాలిపోయాయి.

"యూ డ్రౌన్డ్ మై టౌన్!" అని ఏడుస్తూ పైకి పరిగెత్తి, ధడాలున తలుపేసుకుంది. నా నెత్తి నేనే మొట్టుకున్నాను.

అంతలో పేరంటానికని, పక్క ఊరు హేస్ నుంచి ప్రభావతి ఆంటీ దిగారు. కొలువుల విషయంలో మాకందరికీ ఆవిడే సుప్రీంకోర్టు. కళ్ళజోడు సవరించుకుని, "ఇదేం తోటే విజయా?" అన్నారు.

"తోట కాదాంటీ, ఇటలీలో ఊరు. ఈ బురుజులు అక్కడి రాజుగారు కట్టించారు" అన్నాను, నోటికొచ్చింది.

పైన తలుపు కిర్రుమంది. "నో కింగ్, మామ్!"

ఓహో, అనుకున్నాను. "ఈ బావి దగ్గర రాణిగారు జలకాలాడేవారట" అని గొంతు పెంచాను.

"దట్స్ రబ్బిష్!" ఆ మాట మెట్ల మధ్యనుంచి వినబడింది.

"ఆ పొడుగుది టోర్రె గ్రోస్సా, అన్నిట్లోకీ ఎత్తు. నేను పైదాకా ఎక్కేశాను. లాస్యే, పాపం, సగంలో కూలబడింది."

అంతే, తుపానులా వచ్చి పడింది. గడగడా ఇంగ్లీషు. ఆంటీ చెయ్యెత్తారు. "నీ ఇంగ్లీషు నాకు అందదు తల్లీ. తెలుగులో చెప్పు."

లాస్య ముక్కు తుడుచుకుంది. "రాజు కాదు. రిచ్ వాళ్ళు కట్టారు. మా టవర్ పెద్దది, కాదు మా టవర్ పెద్దది అని పోట్లాడుకున్నారు. పైకి ఎక్కింది నేను. సగంలో కూర్చుంది అమ్మ!"

"అయితే వాళ్ళు మన చుట్టాలేనే!" ఆంటీ పగలబడి నవ్వారు. లాస్యకూ నవ్వొచ్చింది. ఆంటీ మెంతి మొక్కలు పీకుతుంటే, అది ఒక్కో బురుజుకూ టూత్‌పిక్ ఆనించి నిలబెట్టింది.

ఇంతలో పక్క వీధి గిరిజ వచ్చింది. బొట్టు పెట్టి నేను మొదలెట్టాను, "ఇదిగో గిరిజా, ఈ ఊరు..."

"అమ్మా, నువ్వు మాట్లాడకు. నేను చెప్తా."

తెలుగులో మాట్లాడవే అని ఇన్నేళ్ళూ దాని ప్రాణం తీశాను. ఇవాళ అది తెలుగులోనే నా నోరు మూయించింది. హాయిగా మూసుకున్నాను.