లైబ్రేరియన్ గారి చదివింపులు

తప్పు నాది కాదు, బోర్డుది. రెండు జానల వెడల్పు లేని బోర్డు చేతికిచ్చి, "ప్రతి శనివారం సాయంత్రం నాలుగింటికి పాఠకులకు పుస్తకాలు చదివి వినిపించే శీతాకాల కార్యక్రమం" అని రాయమంటే ఎవరి తరం? నేను లైబ్రరీలో అటెండర్ని. గారడీ చేసేదాన్ని కాను.

మా లైబ్రేరియన్ గారికి నలభై దాటాయి. పెళ్ళి కాలేదు. మనిషి బంగారమే గానీ మాట దగ్గర పరమ పిసినారి. పదిహేనేళ్ళుగా జనానికి "నిశ్శబ్దం" అని చెప్పీ చెప్పీ తనకే అది అలవాటైపోయింది. ఆవిడకు తగ్గవాడు మా బైండరు, అతనూ ఒంటికాయ శొంఠికొమ్మే. చిరిగిన పుస్తకాలు పట్టుకెళ్ళి, కుట్టి, అట్టలు వేసి నాలుగేళ్ళుగా ప్రతి సోమవారం తెచ్చిస్తాడు. "జిగురు ఆరిందండీ" అంటాడు. "ఆరిందా" అంటుంది ఆవిడ. అంతే, ఇద్దరి మొహాలూ వెలిగిపోతాయి. ఆ తర్వాత ఆయన చెప్పడు, ఈవిడ అడగదు. చూసేవాళ్ళకే ప్రాణం విసిగిపోతుంది.

ఈసారి నాకు నిజంగానే దిగులు పట్టుకుంది. చిరిగిన పుస్తకాలు అయిపోయాయి. ఆఖరి కట్ట మొన్న సోమవారం తెచ్చిచ్చేశాడు. ఇక అతను మా గడప తొక్కడానికి సాకు లేదు. రెండు అట్టలు నేనే చింపి చూశాను, ఆ పాపమేదో నాకే తగలనీ. కానీ ఎన్నని చింపను?

ఆవిడేమో ఇవేం పట్టనట్టు చలికాలం ఏర్పాట్లలో మునిగిపోయింది. హీటరు చుట్టూ కుర్చీలు వేయించింది. ఈ చలికి ఎవరేం చదవాలో కాగితం మీద రాసి గోడకు అతికించింది: "మోకాళ్ళ నొప్పులవారికి హాస్యకథలు. దుప్పటి వదలనివారికి ఆరువందల పేజీల నవల. నిద్ర పట్టనివారికి ఆర్థికశాస్త్రం." నోరు విప్పని మనిషి కలం పడితే ఎంత గడుసుదో చూడండి.

ఇక బోర్డు సంగతి. ఎంత ఇరికించినా "చదివి వినిపించడం" పట్టలేదు. కుదించి కుదించి ఇలా రాశాను: "శనివారం నాలుగింటికి లైబ్రేరియన్ గారి చదివింపులు. అందరూ రండి." చదివిస్తే చదివింపులు కాక మరేమిటి? ముందు గేటుకు తగిలించాను. ఆవిడ రోజూ వెనక గుమ్మంలోంచి వస్తుంది కాబట్టి చూడనే లేదు.

శనివారం నాలుగు కాకముందే హాలు నిండిపోయింది. వాన పడ్డప్పుడు కూడా ఇటు తొంగిచూడని వాళ్ళంతా వచ్చారు. మేడమ్ మురిసిపోయింది. ఆ తర్వాత వాళ్ళ చేతుల్లో పొట్లాలు చూసింది. బేకరీ ఆవిడ ఆరు కప్పుల సెట్టు, దర్జీ ఉన్ని శాలువా, రిటైరైన లెక్కల మాస్టారు గోడగడియారం.

"ఇవన్నీ ఏమిటండీ?" అంది.

"చదివింపులని రాశారుగా, ఒట్టి చేతులతో వస్తామా?" అన్నారు మాస్టారు. "మీ పెళ్ళంటే మాకు మాత్రం సంతోషం కాదా. ఇంతకీ పెళ్ళికొడుకేడీ?"

మేడమ్ నా వైపు చూసింది. నేను హీటరు వైపు చూశాను.

ఆవిడ నోరు తెరిచేలోగా బైండరు వచ్చాడు. నున్నగా గడ్డం గీసుకున్నాడు, చొక్కా ఇస్త్రీ చేయించాడు, మొహం మాత్రం వారం రోజులు జ్వరపడ్డవాడిలా పీక్కుపోయి ఉంది. పొట్లం ఆవిడ చేతిలో పెట్టాడు. విప్పితే, నీలం తోలు అట్ట వేసిన తెల్లకాగితాల పుస్తకం. కుట్టు ఎక్కడుందో వెతుక్కోవాలి, అంత సన్నం.

"గోడ మీద అతికిస్తారే, అలాంటి మాటలు ఇందులో రాసుకుంటారని కుట్టానండీ. కాగితం ముక్కలైతే ఎగిరిపోతాయి. మీరు సుఖంగా ఉండాలి," అన్నాడు. నాలుగేళ్ళలో అతని నోట జిగురు లేని మాట అదే మొదటిది. అప్పటిదాకా నవ్వాపుకుంటున్న నాకు ఒక్కసారిగా ఏడుపొచ్చింది.

మాస్టారు ఊరుకుంటారా! "ఏమయ్యా, అంతా అమ్మాయికేనా? పెళ్ళికొడుక్కేమీ తేలేదా?"

బైండరు తల దించుకున్నాడు. "తేలేదండీ. తేబుద్ధి కాలేదు."

ఎవరూ చెప్పకుండానే హాలంతా నిశ్శబ్దమైపోయింది. మేడమ్ ఆ నీలం అట్టను ఒకసారి తడిమింది. తర్వాత తలెత్తి, అతన్నే చూస్తూ అంది:

"అయితే నష్టం మీకేనండీ."

అతనికి ఎక్కలేదు. దర్జీ మోచేత్తో పొడిచి, "నిన్నేనయ్యా అంటోంది," అన్నాక గానీ చెవులు ఎర్రబడలేదు. దగ్గర్లో ఉన్న కుర్చీలో కూలబడ్డాడు.

మేడమ్ బల్ల మీది కథల పుస్తకం తీసి, మొహం దాని చాటున దాచుకుని చదవడం మొదలుపెట్టింది. గంటసేపు చదివింది. మేమంతా విన్నాం. ముందు వరసలో ఒకాయనకు మాత్రం పరీక్ష పెట్టి ఉంటే సున్నా వచ్చేది.