బరువు వేలాడే గుంట

ఎసెనాలి తాగి కక్కసు గుంటలో పడ్డాడని, నలుగురు కలిసి తాళ్లేసి లాగితే గానీ పైకి రాలేదని బురుల్ ఊరంతా చెప్పి వచ్చిందట. ఆమెకి రొట్టెల కొట్టువాడు చెప్పాడట. వాడికి ఎవరు చెప్పారో వాడికే గుర్తు లేదట. ఆ కబురు ఎసెనాలి పెళ్లాం జిపార్ చెవిన పడేసరికి దానికి ఇంకో తోక మొలిచింది. కంపు భరించలేక ఆవిడ మొగుణ్ణి కొట్టంలో గొర్రెల మధ్య పడుకోబెడుతోందని.

"గొర్రెలు ఒప్పుకోవద్దూ?" అంది జిపార్, అతని కోటుని చీపురుకర్రతో ఎత్తి గుమ్మం బయట తగిలిస్తూ.

ఎసెనాలి తాగలేదు, పడలేదు. నిచ్చెన వేసుకుని, తెలివితోనే దిగాడు. కంపు మాత్రం నిజం.

అతను కొండ మీదికి మనుషుల్ని మోసే కుర్చీల లిఫ్టుకి మెకానిక్కు. ఇరవై ఆరేళ్లుగా అదే పని. కొండపైన మోటారు తిప్పే పెద్ద చక్రం ఒకటి, కింద ఇంకొకటి. రెండింటినీ చుట్టి ఒకే ఒక్క ఇనుప తాడు, దాన్ని కరుచుకుని తొంభై కుర్చీలు. కింది చక్రం ఒకచోట బిగించి ఉండదు. పట్టాల మీద బండిలా ముందుకీ వెనక్కీ జరుగుతుంది. ఆ బండికి వెనక కట్టిన తాడు కప్పీ మీంచి ఒక లోతైన గుంటలోకి దిగుతుంది. అక్కడ దాని కొసన పదకొండు టన్నుల కాంక్రీటు దిమ్మ గాల్లో వేలాడుతుంది. వేలాడటమే దాని ఉద్యోగం. చలికి తాడు ముడుచుకుంటే దిమ్మ పైకి లేస్తుంది, ఎండకి సాగితే కిందికి దిగుతుంది, జనం ఎక్కినా దిగినా తనే సర్దుకుంటుంది. అది దేని మీదైనా చతికిలబడిందంటే తాడు వదులవుతుంది. వదులైన తాడు స్తంభాల మీది చక్రాల్లోంచి జారిపోవడానికి ఒక్క గాలి విసురు చాలు.

బండి పక్కన పట్టా మీద ఎసెనాలి ఎర్ర రంగుతో గీతలు గీసి పెట్టుకున్నాడు. తెల్లారి బండి ఒక గీత దగ్గరుంటే, మధ్యాహ్నానికి రెండు గీతలు వెనక్కి పోవాలి. వారం చివర మూడు రోజులు వరసగా చూశాడు. పొద్దున అయిదో గీత. మధ్యాహ్నం అయిదో గీతే. సోమవారం మోటారు ఆపేసి, తాళంచెవి జేబులో వేసుకుని, గుంట మీది ఇనుప తలుపు ఎత్తాడు.

లోపలి నుంచి వచ్చిన వాసన మొహం మీద తడిగుడ్డతో కొట్టినట్టు కొట్టింది. అంట్ల నీళ్లు, గొర్రె కొవ్వు, సేమియాలు, ఉల్లి తొక్కలు, పేగులు, టీ పిప్పి, ఎవరి బిడ్డదో గుడ్డ ఒకటి. పొర మీద పొర గడ్డకట్టి, పచ్చగా, బూడిదరంగుగా, దిమ్మని నడుము దాకా కరిచి పట్టుకుని ఉంది. గోడలోంచి ఒక గొట్టం మూతి పెట్టి ఇంకా కారుతూనే ఉంది. గొట్టం ఆ చివర సైరగుల్ హోటలు. సైరగుల్ లిఫ్టు డైరెక్టరు ఉలారబెక్‌కి సొంత అక్క. బురుల్ అంట్లు తోమేది అక్కడే.

ఆ గొట్టం సంగతి ఎసెనాలికి కిందటేడే తెలుసు. మొదటిసారి చూసి హోటలుకి వెళ్లి అడిగితే సైరగుల్ కూర్చోబెట్టి వేడి సూపు పెట్టింది. నేలంతా గడ్డకట్టి ఉంటే ఇంకో గుంట ఎక్కడ తవ్వను, నాలుగు చెంబుల నీళ్లే కదా అంది. మర్నాడూ సూపు పెట్టింది. చలికాలమంతా పెట్టింది. వసంతంలో ఆ మురికి కరిగి భూమిలోకి ఇంకిపోతే పోయిందిలే అనుకున్నాడు. ఈ ఏడు మళ్లీ సూపు వచ్చింది. మళ్లీ నోరు మూతపడింది.

గునపంతో కొట్టడం మొదలుపెట్టాడు. మొహం మీదికి ఎగిరిన పెచ్చు పెదవి మీద కరిగితే కొవ్వు రుచి తెలిసింది. రెండో రోజు గునపానికి ఒక తుంటి ఎముక తగిలింది. తీసి చూశాడు. కీలు గుంటలో చాకు మొన ఒకటి విరిగి ఇరుక్కుని ఉంది. అది అతని చాకే. ఈ చలికాలానికి లిఫ్టు తెరిచిన రోజున విందులో, పనివాళ్లలో పెద్దవాడని ఆ ఎముక అతనికే పెట్టారు. కోస్తుంటే మొన విరిగింది, అందరూ నవ్వారు. ఇప్పుడది తన కాళ్ల దగ్గర, తను చీకిన చోట చీకినట్టే ఉంది. ఎసెనాలి అక్కడే కక్కుకున్నాడు. అదీ ఆ పొరల్లో కలిసింది.

బుధవారం ఉలారబెక్ ముక్కుకి చేతిగుడ్డ అడ్డం పెట్టుకుని గుంట అంచున నిలబడ్డాడు. శనివారం పట్నం బడి నుంచి అరవైమంది పిల్లలు వస్తున్నారని, ఆ రోజు లిఫ్టు తిరిగి తీరాలని చెప్పాడు. పది రోజులు పడుతుందని, ముందు ఆ గొట్టం కోసెయ్యాలని ఎసెనాలి కిందినుంచే చెప్పాడు. గొట్టం మాట ఉలారబెక్‌కి వినపడలేదు.

"సోమవారం దాకా తిరిగింది కదా బైకె. ఇంకొక్క రోజుకి ఏమైపోతుంది?" అన్నాడు, పెద్దన్నని బతిమాలినట్టు.

ఎసెనాలి గునపం ఎత్తి మళ్లీ కొట్టాడు. ఆ కుర్చీల్లో కూర్చునే పిల్లల బూట్లు నేలకి ఎంత ఎత్తున వేలాడతాయో అతనికి స్తంభం స్తంభానికీ తెలుసు. ఏడో స్తంభం దగ్గర నలుగురు మనుషుల ఎత్తు, కింద రాళ్లు.

శుక్రవారం మధ్యాహ్నం హోటల్లో విందు అన్నారు. గొర్రెని కోశారు. పనివాళ్లంతా కూర్చున్నారు. ఎసెనాలి గుమ్మంలోకి రాగానే, ఆయన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టండి, గాలి ఆడుతుంది అంది బురుల్ లోపలినుంచి. నలుగురు కిసుక్కుమన్నారు. చెంబుతో అందరి చేతుల మీదా నీళ్లు పోశారు. తట్టలో పడిన నీళ్లని బురుల్ తీసుకెళ్లి తూములో పారబోసింది. గోడ వెనక, నేల కింద, గొట్టం గుటకలు వెయ్యడం ఎసెనాలి విన్నాడు. ఆ చప్పుడు తెలిసిన చెవి ఆ గదిలో అతనిదొక్కటే.

పెద్ద పళ్లెం వచ్చింది. ఆవిరి కక్కుతున్న మాంసంలోంచి తుంటి ఎముకని ఉలారబెక్ స్వయంగా ఏరి, రెండు చేతులా పట్టుకుని లేచి నిలబడ్డాడు. సైరగుల్ తమ్ముడి పక్కకి వచ్చి నవ్వు మొహం పెట్టింది.

"పెద్దవారు మీరు. ఇది మీకే చెందాలి బైకె" అన్నాడు ఉలారబెక్. "కడుపునిండా తినండి. ఆ తాళంచెవి ఇలా పళ్లెం పక్కన పెట్టండి. పొద్దున్నే పిల్లలొస్తారు."

ఎముక మీంచి కొవ్వు అతని మణికట్టు మీదికి కారుతోంది. అందరూ అటే చూస్తున్నారు. ఎసెనాలి చెయ్యి చాచలేదు. జేబులో తాళంచెవిని పిడికిట్లో బిగించాడు.

"నేరుగా ఆ గుంటలోకే విసిరెయ్యి ఉలారబెక్. ఎలాగూ అక్కడికే పోతుంది, మధ్యలో నా నోరెందుకు?"