అభ్యంతరాలు లేవు

నా మొహానికి టౌన్ ప్లానర్ అని ఒక పేరు! సొంతింట్లో వంటగది కిటికీ ఎటు పెట్టాలో తేల్చుకోలేనిదాన్ని, భూకంపానికి కూలిన ఖాట్మండులో ఒక పేటకి ప్లాను గీసి వచ్చాను. ఆ పేట నుంచి నిన్న జ్ఞానమాయ అనే ఆవిడ మెయిలు పంపింది. అప్పట్నుంచీ నాకు అన్నం సయించడం లేదు.

ఆ పేటలో నాలుగు వైపులా ఇళ్లు, మధ్యలో ఇటుకలు పరిచిన పెద్ద ఉమ్మడి వాకిలి ఉండేది. నేను దాన్ని 'ఖాళీ స్థలం' అని రాసి, అందులో రెండంతస్తుల హాలు గీశాను. ఆపదొస్తే జనం తలదాచుకుంటారన్నాను. గోదావరి లంకలో పుట్టినదాన్ని మరి! వరదొస్తే మేం పిల్లాజెల్లాతో స్కూలు మేడ ఎక్కేవాళ్లం. నా బుర్రలో ఆపదంటే నీళ్లే, ప్రాణం దక్కాలంటే పైకెక్కడమే.

ప్లాను చూపించే మీటింగులో ఒక ముసలావిడ లేచింది. "భూమి కదిలితే మేం ఈ వాకిట్లోకే పరిగెత్తుతాం. ఇందులో హాలు కడితే ఎటు పరిగెత్తాలి?" అంది. పక్కనున్న కోడలు ఆ మాటని హిందీలో చెప్పింది. నేను నవ్వేశాను. "పరుగెందుకమ్మా, మేడెక్కండి" అన్నాను. భూమి కదులుతుంటే మేడెక్కమన్నాను! అందరూ మర్యాదకి నవ్వారు. మీటింగు మినిట్స్‌లో 'అభ్యంతరాలు లేవు' అని రాసింది నేనే, ఈ చేత్తోనే.

పోయినేడాది అక్కడ భూమి కొంచెం కదిలింది. హాలుకి పగులు కూడా రాలేదు. జనం మాత్రం అలవాటు కొద్దీ వాకిలి వైపే పరిగెత్తి, హాలు గోడకీ ఇళ్లకీ మధ్య సందులో ఇరుక్కున్నారు. ఆ తొక్కిసలాటలో ముసలావిడ పోయింది. మెయిలు పంపిన జ్ఞానమాయ ఆవిడ కోడలే.

ఇప్పుడు పేటవాళ్లు హాలు తీయించమంటున్నారు. కట్టేటప్పుడు ఎవరూ కాదనలేదంటూ మా కంపెనీ నా మినిట్సే చూపిస్తోంది. ఆ రోజు అత్తగారు అడిగిన మాట రాసిస్తే చాలని జ్ఞానమాయ రాసింది.

మా ఆయన ఫిలిప్ కొత్తపేటలో లెక్కల మాస్టారు. మెయిలు రెండుసార్లు చదివారు.

"వచ్చే నెల్లో టీమ్ లీడర్‌వి అవుతున్నావు. ఇప్పుడిది రాసిచ్చేవంటే ఉన్న ఉద్యోగం కూడా పోద్ది. అయినా నువ్వొక్కదానివే చేసేవా ఏంటి షైనీ? పైవాళ్లందరూ సంతకాలెట్టేరు కదా."

"ఆవిడ అడిగింది నన్నండీ. నవ్వింది నేను."

"రాయకపోతే ఏవవుద్ది?"

"భూమి మళ్లీ కదుల్తుందండీ. మళ్లీ ఆ సందులోకే పరిగెడతారు."

ఆయన మెయిలు ఇంకోసారి చదివారు.

"ఆయ్, రాసెయ్ అయితే" అని కుర్చీ నా వైపు జరిపారు.

కూర్చుని రాశాను. అభ్యంతరం వచ్చింది, నేను నవ్వాను, రికార్డులో ఎక్కించలేదు. అభ్యంతరం చెప్పినవారి పేరు రాయాల్సిన చోట చెయ్యి ఆగిపోయింది. ఆవిడ పేరే నాకు తెలీదు. ఛీ, ఏం మనిషిని నేను! సిగ్గు చంపుకుని జ్ఞానమాయకి ఫోన్ చేసి, వచ్చీరాని హిందీలో అడిగాను.

"మీ అత్తగారి పేరేంటమ్మా?"



"మీరు ఆవిడ చేతి అన్నం రెండుసార్లు తిన్నారు" అంది జ్ఞానమాయ. తిట్టినా బాగుండేది. ఆ గొంతులో కోపం కూడా లేదు.

"హేరామాయ" అంది.

రాశాను.

"రాశారా?"

"రాశానమ్మా."

"అప్పుడేం రాశారో మాకు తెలీదు. ఈసారి చదివి వినిపించండి" అంది.

మొదటి నుంచి హిందీలోకి మార్చుకుంటూ చదివాను. నేను నవ్వానని రాసిన చోటికొచ్చేసరికి చదవడం ఆపేశాను. ఫిలిప్ మంచినీళ్లందించారు, తాగబుద్ధి కాలేదు.

"చదవండి, వింటున్నాను" అంది జ్ఞానమాయ.