చూసే చప్పుడు

పొగగొట్టంలో నూనె చుక్కలు వేసి, అందరూ పొగ పిన్ని అని పిలిచే ఆవిడ మీట తిప్పింది. ఆవిరి ఇంజను బొమ్మ రోలర్ల మీద నిలిచినచోటే పరుగెత్తింది. చక్రం ఒక చుట్టు తిరిగితే నాలుగు ఛుక్కులు, నాలుగు పొగముద్దలు రావాలి. ఛుక్కులు వచ్చాయి గానీ, పొగ మూడుసార్లే వచ్చినట్టుంది. "నీ దుంప తెగ!" అని మళ్లీ స్క్రూడ్రైవరు పట్టింది.

బొమ్మ రైళ్ల దుకాణంలో ఈ వెనకగదే ఆవిడ లోకం. పెళ్లిచూపులకొచ్చినవాడు జుట్టులో ఆ పొగవాసనేమిటని ముక్కు మూసుకుంటే, "తలుపు తీసే ఉంది" అన్న మనిషి. టంకం వేసీ వేసీ వేళ్లు కాయలు కాశాయి. అయ్యో పాపం అన్నవాళ్లకి మాత్రం మూడిందే.

ఈ ఇంజను రిటైరైన రైలు డ్రైవరుది. రెండు చెవులూ పోయాయి ఆయనకి. లోపలి పాత సర్క్యూట్ బోర్డు తీసేసి, ప్రతి ఛుక్కుకీ పొగ ఊదే కొత్త బోర్డు వెయ్యమని వీధంతా వినబడేలా అరిచి చెప్పి వెళ్లాడు.

తండ్రి తర్వాత దుకాణం అందుకున్న యజమాని గుమ్మంలోంచి తొంగిచూశాడు. "ఇంకా అదేనా పిన్నీ? చెవిటాయనకి తాళమెందుకు? పొగ ధారగా వస్తే చాలదూ?"

"చెవులున్నవాడికైతే చాలు నాయనా. ఈయన పొగలోనే వినాలి. ఒకటి తప్పితే ఇంజనుకి నత్తి వచ్చినట్టే."

"మొండిఘటం!"

"ఇప్పుడా తెలిసింది?"

అప్పుడు తట్టింది పిన్నికి. చప్పుడు వినబడుతుంటే, తప్పిన పొగని కూడా చూసినట్టే అనిపిస్తోంది. శబ్దం పూర్తిగా ఆపేసింది. నాలుగోది తప్పుతున్న చోటు కంటికి స్పష్టంగా దొరికింది. చక్రం లోపల పొగ ఊదించే అయస్కాంతం వెంట్రుకవాసి జరిగింది. అన్నం మాట మరిచి అది సరిచేసింది.

సాయంత్రం ఒకామె వచ్చి, పొగనూనె సీసా ఒకటి బల్లమీద పెట్టింది. "డ్రైవరుగారి అమ్మాయినండీ. నాన్న మొన్న పోయారు. నిద్రలోనే. ఇంక ఆ బొమ్మ వద్దని చెప్పి, ఆయన ముందే కొని దిండు పక్కన పెట్టుకున్న ఈ నూనె కూడా తిరిగి ఇచ్చేద్దామని..."

యజమాని నిట్టూర్చాడు. "బోర్డు ఊడదియ్యి పిన్నీ. ఇంకోదానికి వేద్దాం."

పిన్నికి ఒళ్లు మండింది. ఇంజనుని రెండు చేతులతో కప్పేసింది. "చెయ్యి వేశావంటే ఊరుకోను. ఇది ఆయన ఇంజను."

శబ్దం లేకుండానే మీట తిప్పింది. పొగ, పొగ, పొగ, పొగ. ఒక్కటీ తప్పలేదు. చూస్తూ చూస్తూ ఉండగా అమ్మాయి పెదవులు పొగతోపాటు కదలడం మొదలుపెట్టాయి.

"నేను తీసుకెళ్తానండీ" అంది, కళ్లు తుడుచుకోకుండానే.

ఆమె ఇంజనుని గుండెకి హత్తుకుని వెళ్లింది. తండ్రి దిండు పక్కన పెట్టుకున్న పొగనూనె సీసా మాత్రం బల్లమీదే ఉండిపోయింది, మూత సీలు విప్పకుండా.