గులాబీ రంగు పదిహేడు

ఉప్పు, అవును, గుప్పెడు ఉప్పు వేయాలి, అదీ చన్నీళ్ళలో, అప్పుడే ఎర్ర రంగు తెల్లదాని మీదికి దిగదు అని మా ఆవిడ ఎన్నిసార్లు చెప్పిందో, వీడికెవరు చెప్పారు, ఎవరూ చెప్పలేదు, మరిగే నీళ్ళు పోసి, ఎర్ర కాలరున్న తెల్ల జెర్సీని అందులో ముంచి, నురగ చూసి మురిసిపోయి ఉంటాడు, ఇదిగో ఇప్పుడు నా చేతుల్లో ఉంది, మెడ దగ్గర్నుంచి అంచు దాకా గులాబీ రంగు, వీపు మీద పదిహేడో నెంబరు మాత్రం తనకేమీ తెలియనట్టు ఎర్రగా కూర్చుంది, మచ్చ అంటూ ఒక్కటి లేదు, అది ఒప్పుకోవాలి, ఐదు నెలల నాటి బురద, ఆనవాలు లేకుండా ఉతికాడు, ఇంకో గంటలో ఆట, జట్టంతా తెలుపు, వీడొక్కడూ గులాబీ అయితే రిఫరీ గీత దాటనిస్తాడా, నాకేమో నవ్వాగడం లేదు, ముప్ఫై ఏళ్ళుగా ఈ క్లబ్బు బట్టలూ బూట్లూ చూసుకునేవాణ్ణి, ఎక్కడికి బయల్దేరినా ఒక్కో జెర్సీ విప్పి, దులిపి, మళ్ళీ మడత పెట్టి గానీ ట్రంకు పెట్టెలో పెట్టనివాణ్ణి, పొద్దున వీడు ఒక ప్లాస్టిక్ సంచీ చేతిలో పెట్టి, ఉతికాను బాబాయ్ అంటే, ఆ మాటకే కరిగిపోయి సంచీ విప్పకుండా పెట్టెలో పడేశాను, సంతోషంలో మనిషి ఎంత పనికిమాలినవాడైపోతాడో.

గదిలో నవ్వులు ఇంకా ఆగలేదు, మా గోల్‌కీపరు, అందరూ గోడ అని పిలిచే ఆరడుగుల మనిషి, నా భుజం మీంచి తొంగిచూసి, ఏరా తూనీగా, ఇన్నాళ్ళూ ఎగిరావు, ఇవాళ పూసేశావేంట్రా అన్నాడు, తూనీగ అంటే వీడే, పంతొమ్మిదేళ్ళవాడు, ఎడమ గీత వెంట బంతితో పరుగెడితే కాళ్ళు నేలకు ఆనుతున్నాయో లేదో వంగి చూడాల్సిందే, అందుకే ఆ పేరు, ఇప్పుడు వాడి చెవులు జెర్సీ కంటే ఎర్రగా ఉన్నాయి, వేడినీళ్ళయితే మట్టి బాగా పోతుందనుకున్నా బాబాయ్ అంటున్నాడు, పోయింది కదరా, మట్టితో పాటు తెలుపు కూడా పోయింది అన్నాను, మళ్ళీ నవ్వులు, ఒకప్పుడైతే ఈ నవ్వులకి తలుపు తన్ని బయటికి పోయేవాడే, ఇవాళ తలొంచుకుని, ఇప్పుడెలా బాబాయ్ అంటున్నాడు, ఎలా అని అడగడం కూడా వచ్చిందన్నమాట మావాడికి.

పదిహేడో ఏట వచ్చాడు, పదిహేడో నెంబరే కావాలన్నాడు, ఇచ్చాం, మరుసటి ఏడాది ఏం చేస్తావురా అని గోడ అడిగితే, మరుసటి ఏడాదికి మీరే నా వయసు మర్చిపోతారు, నా గోల్సే లెక్కపెడతారు అన్నాడు, అంత పొగరు, అంత పొగరుకూ సరిపోయే ఆట, మూడో మ్యాచ్‌లోనే గోల్ కొట్టాడు, సంబరం పట్టలేక మూలనున్న జెండా కర్రని తన్ని విరగ్గొట్టాడు, జెర్సీ విప్పి జనంలోకి విసిరేశాడు, జెర్సీ విప్పినందుకు రిఫరీ పసుపు కార్డు చూపిస్తే దానికీ చప్పట్లు కొట్టాడు, మర్నాడు పేపర్లో సగం పేజీ ఫోటో, ఆ ఫోటోనే వాడి ఆటని తినేసింది అంటాడు మా కోచ్, నేనొప్పుకోను, పొగడ్త కూడా కొత్త బూటులాంటిదే, నాలుగు రోజులు కరిచి గానీ కాలికి కుదరదు, ఈలోపు కుంటక తప్పదు, వీడూ కుంటాడు, ప్రాక్టీసుకి ఆలస్యం, మాటకు మాట, బంతి ఇవ్వలేదని కెప్టెన్‌తో అలక, చివరికి ఐదు నెలల కింద, వాన పడి వెలిసిన మైదానంలో, ఆట మధ్యలో కోచ్ బయటికి రమ్మంటే, గీత దాటుతూనే జెర్సీ విప్పి ఆయన కాళ్ళ దగ్గర బురదలో కొట్టాడు, అంతే, బెంచీ మీద చోటు కూడా పోయింది, వేరే ఊరి చిన్న క్లబ్బుకి అరువిచ్చారు, అక్కడా తగువు పెట్టుకుని పోయిన నెలే తిరిగొచ్చాడు, వస్తే కోచ్ ఒకటే మాట, ముందు బాబాయ్ కుళాయి దగ్గర ఆ జెర్సీ ఉతుకు, తర్వాత ఆట సంగతి చూద్దాం, వీడూ ఒకటే మాట, నేను ఆడటానికొచ్చాను, బట్టలుతకడానికి కాదు, అదలా నా ఉతుకుడు గదిలో కొక్కేనికి వేలాడుతూనే ఉంది, ఎండిన బురదతో అట్టలాగా, మొన్న గురువారం దాకా.

జెర్సీ నేలకేసి కొట్టినవాడు దాన్ని తన చేత్తో ఉతికాకే మళ్ళీ ఆడాలి, ఇది మా క్లబ్బు నియమం, పెట్టింది కోచ్ కాదు, మా ఆవిడ, అప్పట్లో నెంబర్లన్నీ ఎర్ర గుడ్డలో కత్తిరించి చేత్తో కుట్టేవాళ్ళు, ఆ కుట్టుపని ఆవిడది, ఉతుకుడు నాది, రాత్రి కళ్ళు పోయేలా కుట్టిన నెంబరుని ఎవడో బురదలో కొడితే ఆవిడకి మండదా, అయితే తిట్టేది కాదు, జెర్సీ వాడి చేతిలో పెట్టి, పద నాయనా కుళాయి దగ్గరికి అనేది, పెద్ద పెద్ద స్ట్రయికర్లు కూడా మూతి ముడుచుకుని వెళ్ళేవాళ్ళు, ఎవరికీ తెలియని సంగతేమిటంటే అలా కుళాయి దగ్గరికి మొట్టమొదట వెళ్ళినవాణ్ణి నేనే, పెళ్ళయిన ఏడాది, కాలరు సరిగ్గా ఇస్త్రీ చేయలేదని కొత్త చొక్కా నేలకేసి కొట్టాను, డిగ్రీ చదివిన మగాణ్ణి కదా, ఆవిడ చొక్కా తీసి నా చేతిలో పెట్టి, పదండి అంది, పదండి అంటే వెళ్ళడమే.

కుట్టాలి, చేత్తోనే కుట్టాలి, ఇప్పుడైతే నెంబర్లు వేడి ఇస్త్రీతో అతికిస్తున్నారు, ఆ యంత్రం ఇక్కడ లేదు, మన ఊరు కాదు, మన మైదానం కాదు, ఎవరికైనా రక్తం అంటితే మార్చడానికని నెంబరు లేని తెల్ల జెర్సీ ఒకటి పెట్టెలో ఎప్పుడూ ఉంచుతాను, అది ఉంది, ఆటగాళ్ళ పట్టికలో పదిహేడని రాసిచ్చేశారు కాబట్టి పదిహేడే కావాలి, వీడి రెండో జెర్సీ ఎప్పుడో జనంలోకి ఎగిరిపోయింది, మా ఆవిడ సూదుల డబ్బా తీశాను, నాలుగేళ్ళుగా ఏ ఊరెళ్ళినా వెంట తెచ్చుకుంటున్నాను, అందులో ఆవిడ కత్తిరించి పెట్టిన ఎర్ర అంకెలు కొన్ని మిగిలాయి, ఒకటి ఉంది, రెండు ఉంది, మూడు ఏకంగా మూడున్నాయి, ఏడు లేదు, ఒరేయ్, ఏడు లేదురా, ఆ కత్తెర చుట్టిన గుడ్డ ఎర్రగానే ఉంది కదా బాబాయ్ అన్నాడు వీడు, నిజమే, అది వీడు విరగ్గొట్టిన జెండా కర్ర తాలూకు గుడ్డే, పారేయడమెందుకని కత్తెరకి చుట్టాను, నీ ఏడుని రెండేళ్ళ కిందే తన్ని నాకిచ్చావన్నమాట అన్నాను, రెండు గీతలే కదా ఏడంటే, కత్తిరించాను, సూదిలో దారం ఎక్కడం లేదు, నా కళ్ళద్దాలు పాతవి, గోడ ఆ అరటిగెలల్లాంటి వేళ్ళతో సూది తీసుకుని మొదటిసారికే ఎక్కించేశాడు, అమ్మకి ఎక్కించేవాణ్ణి బాబాయ్ అన్నాడు మెల్లగా, కిటికీలోంచి ఎండ సరిగ్గా నా ఒళ్ళో పడింది, ఇంకేం కావాలి, కుట్టు మాత్రం వంకరే, ఆవిడ చేతి కింద చీమల బారులా సాగేది, నా చేతి కింద చీమలు దారి తప్పాయి.

కోచ్ తలుపు దగ్గర నిలబడి, బాబాయ్, మీవాడు ఉతికాడా అన్నాడు, ఉతికాడండీ, మామూలుగా ఉతకలేదు అన్నాను, ఆయన గులాబీ జెర్సీ చూశాడు, పెదవి కొరుక్కున్నాడు, నవ్వితే పెద్దరికం పోతుందని, తర్వాత గొంతు తగ్గించి, బెంచీ మీద కూర్చోబెడుతున్నాను, అవసరమైతే దించుతాను, కానీ ఒక్క ఎర్ర కార్డు పడినా, ఇంకొక్కసారి జెర్సీ విసిరినా, సోమవారం నుంచి ప్రాక్టీసుకి రావద్దు, పైవాళ్ళ దగ్గర నేను చేయగలిగింది ఇంతే అని, వాడికి చెప్పండి అన్నట్టు నా వైపు కాదు, వాడి వైపే చూస్తూ చెప్పాడు, వాడు విన్నాడు, నేను దారం ముడేసి కొరికి, ఒరేయ్, మెల్లగా తొడుక్కో, దారం అయిపోయింది, గట్టిగా లాగితే ఏడు ఊడి చేతికొస్తుంది అన్నాను, పెళ్ళికొడుకులా చేతులెత్తి నిలబడ్డాడు, నేనే తొడిగాను.

గ్రౌండు పక్కన బెంచీలో చివరి చోటు నాది, నీళ్ళ సీసాల పక్కన, ఒకటి ఒకటి గోల్స్, గంట గడిచాక కోచ్ వేలు చూపించాడు, తూనీగ లేచాడు, రిఫరీ వాడి వీపు చూసి, ఇదేంటి చేత్తో కుట్టారా అన్నాడు, పాత పద్ధతి సార్ అన్నాను, పైకీ కిందికీ చూసి వదిలేశాడు, వాడికి పుణ్యముంటుంది, అయిదు నిమిషాలు వీడికి బంతే రాలేదు, వచ్చినప్పుడు ఎవడో కాలడ్డం పెట్టి పడేస్తే, ఈల వేయలేదని రిఫరీ ముఖం మీద ముఖం పెట్టి అరిచాడు, పసుపు కార్డు, అయ్యో నాయనా, ఇంకో పసుపు పడితే అది ఎర్రదే, నా చేతిలో సీసా మూత తిప్పి తిప్పి వంకర పోయింది, కోచ్ వీడి వైపు చూడటం మానేసి ఆకాశం చూస్తున్నాడు, ఇంకో ఏడు నిమిషాలుందనగా గోడ విసిరిన బంతి వీడి కాళ్ళ దగ్గర పడింది, ఎడమ గీత, ఒకణ్ణి దాటాడు, రెండోవాడి కాళ్ళ సందులోంచి బంతి పంపి అవతలి పక్క తనే అందుకున్నాడు, ఇప్పుడు కాళ్ళు నేలకు ఆనడం లేదు, ఒట్టు, కీపరు ముందుకొచ్చాడు, వీడు ఆగాడు, బంతిని చిటికెన వేలితో లేపినట్టు లేపాడు, అది తాపీగా, ఎవరింటికో చుట్టపుచూపుగా వెళ్తున్నట్టు వెళ్ళి వలలో పడింది, నేనెప్పుడు లేచానో, సీసాలన్నీ ఎప్పుడు పడ్డాయో, వీడు మూల జెండా వైపు పరుగెడుతున్నాడు, పరుగెడుతూనే రెండు చేతులూ అడ్డంగా తెచ్చి జెర్సీ అంచు పట్టుకున్నాడు, వద్దురా, పైకి లాగుతున్నాడు, పొట్ట కనిపిస్తోంది, వద్దురా వద్దురా, రిఫరీ చేయి జేబు దగ్గరికి వెళ్ళింది, కోచ్ కళ్ళు మూసుకున్నాడు.

ఆగాడు, అలాగే పక్కటెముకల దగ్గర చేతులు ఆగిపోయాయి, మెల్లగా, గాజుసామాను దించినట్టు జెర్సీని కిందికి దించాడు, ముందు రెండు చేతులతో సర్దాడు, ఒక చేయి వీపు మీదికి పోనిచ్చి ఏదో తడుముకున్నాడు, మీద పడబోతున్న జట్టునంతా తప్పించుకుని, జెండా కర్రని కూడా పలకరించకుండా, తిన్నగా బెంచీ దగ్గరికి నా ముందుకొచ్చి వెనక్కి తిరిగి నిలబడ్డాడు, ఉందా బాబాయ్, ఏడు ఉందా, అన్నాడు రొప్పుతూ, ఉందిరా, ఒక మూల లేచింది అంతే, ఉంది, వెళ్ళు వెళ్ళు అని వీపు మీద ఒక్కటి చరిచాను, కోచ్ కళ్ళు తెరిచి, ఏమైంది బాబాయ్, తీసేశాడా అన్నాడు, లేదండీ, కుట్టు చూపించుకోవడానికొచ్చాడు అన్నాను, ఆయన నవ్వాడు, పెద్దరికం సంగతి ఎవరికి కావాలి.

గెలిచాం, డ్రెస్సింగ్ రూములో గోడ ఆ గులాబీ జెర్సీని తలకు చుట్టుకుని గంతులేస్తున్నాడు, కోచ్ గదిలోకొచ్చి, సోమవారం పొద్దున ఏడింటికి, ఏడూ ఒకటికి కాదు, అని ఒక్క ముక్క వీడికి చెప్పి వెళ్ళిపోయాడు, నేను బూట్లు లెక్క చూసుకుంటూ తలెత్తేసరికి వీడు లేడు, వెనక తలుపు తెరిచుంది, గది వెనక కుళాయి ఉంది, బకెట్ కింద పెట్టి చేతిలో జెర్సీతో నిలబడ్డాడు, విసరలేదు కదరా, దీన్నెందుకు ఉతకడం అంటే, మట్టి అంటింది కదా బాబాయ్, అన్నాడు, అని బకెట్‌లోకి చూస్తూ, ఈసారెలా ఉతకాలో చెప్తావా అన్నాడు, అప్పుడు నాకు ఆ మొదటి చొక్కా గుర్తొచ్చింది, నేను రుద్దుతున్నంతసేపూ ఆవిడ ఎక్కడుందని, నా పక్కనే ఉంది, గోడకానుకుని, పక్కింటి పిల్లి ఈనిన సంగతి చెబుతోంది, తన చిన్నప్పటి బడి సంగతి చెబుతోంది, ఇక్కడింకా పోలేదండీ అని వేలితో చూపిస్తోంది, ఆ తర్వాత మూతి ముడుచుకుని వచ్చిన ప్రతి స్ట్రయికరు పక్కనా అలాగే నిలబడింది, ఆవిడ పోయాక ఈ నాలుగేళ్ళూ నేను నియమం ఒక్కటే పట్టుకున్నాను, వేలితో కుళాయి చూపించి నా పని మీద నేను వెళ్ళిపోయాను, వీడు తిరిగొచ్చి కూడా నెల రోజులు బిగుసుకుని కూర్చున్నాడంటే, చివరికి ఒక్కడే వెళ్ళి మరిగే నీళ్ళు పోసుకున్నాడంటే తప్పెవరిది, ఆవిడ నియమంలో ఉతకడం సగమే, మిగతా సగం పక్కన నిలబడటం, అది నేను మర్చిపోయాను, లోపలికి వెళ్ళి, ఆటగాళ్ళకి కండరాలు పట్టేస్తే నీళ్ళలో కలిపిచ్చే ఉప్పు డబ్బా తెచ్చాను, కుళాయి తిప్పాను, చన్నీళ్ళు, గుప్పెడు ఉప్పు వేశాను, రుద్దరా, మెల్లగా, ఆ ఏడు దగ్గర ఇంకా మెల్లగా అని, గోడకానుకుని నిలబడ్డాను, నిలబడి, మా ఇంటి పక్కన ఒక పిల్లి ఉండేదిరా అని మొదలుపెట్టాను.