పసుపు కాగితాల పాఠం

పొద్దున్నుంచీ బంగాళాదుంపల తొక్క తీస్తూనే ఉంది లియోటా. ఓట్లు లెక్కపెట్టే మగాళ్ళు ఆరుగురే, తినేది మాత్రం పన్నెండుమంది తిండి. ఎన్నికలొస్తే చాలు, చుట్టుపక్కల పొలాలవాళ్ళంతా ఓటేసే టౌన్‌షిప్ బడిలో ఈ వంట ఆమె నెత్తిన పడుతుంది. ఆమె మొగుడు ఆర్వల్ ఫెస్లర్ గద్ద గుర్తు పార్టీకి అక్కడ పెద్ద మరి. "ఓ పూట వండితే అరిగిపోతావా?" అంటాడు. అరిగిపోయింది. పద్నాలుగేళ్ళలో ఎవరూ చూడలేదంతే.

ఆడవాళ్ళకి ఓటొచ్చి రెండేళ్ళయింది. ఈసారి రాష్ట్ర సెనేట్‌కి పోటీ చేస్తున్న కోడిపుంజు గుర్తాయన, పురుళ్ళు చూడ్డానికి కౌంటీకో నర్సుని పెట్టిస్తానన్నాడు. గద్ద గుర్తాయన సభలో పకపకా నవ్వాడు. "మా ఆవులు ఈనడానికి నర్సుని అడగట్లేదే!" అన్నాడు. అందరికంటే గట్టిగా నవ్వింది ఆర్వలే. వెనక బల్ల మీద కూర్చున్న లియోటా ఒళ్ళు మండిపోయింది. మంచు తుఫానులో పుట్టి, మూడో రోజున చేతుల్లోనే చల్లబడిపోయిన తమ బిడ్డ అయోన్ గుర్తు లేదూ ఈ మనిషికి? డాక్టరు కోసం ఆ మంచులో ఇరవై రెండు మైళ్ళు బండి కట్టుకుపోయింది ఇతనే కదా! అప్పుడు అత్తయ్య ఏమంది? "ఇంకోర్ని కంటావులే, ఏడుపాపి వెళ్ళి పాలు పితుకు." పితికింది.

పది రోజుల క్రితం ఆర్వల్ ఓ కట్ట పసుపు కాగితాలు తెచ్చి ఆమె ఒళ్ళో పడేశాడు. నమూనా ఓట్లు.

"గురువారం బొంతలు కుట్టుకోడానికి చేరతారుగా, మీ ఆడాళ్ళందరికీ నేర్పు. గద్ద బొమ్మ కింద ఈ గుండ్రంలో ఒక్క ఇంటూ గీస్తే సరి, పై నుంచి కింద దాకా మన పార్టీవాళ్ళందరికీ పడిపోతుంది. చదవక్కర్లేదు."

"చదివితేనో?" అంది లియోటా.

"చదివి ఏం చేస్తావే, మొద్దూ?"

ఏం చేసిందీ? నేర్పింది. ఆ గురువారం మొదలుపెట్టి నాలుగు ఇళ్ళలో, బొంత చుట్టూ కూర్చోబెట్టి, సూదులు ఆపించి మరీ నేర్పింది. "గుండ్రం జోలికి పోకండి. ఒక్కో పేరు పక్కన గడి ఉంది, చూడండి. షెరీఫ్ పదవికి కావాలంటే గద్దకే వెయ్యండి. సెనేట్ దగ్గర మాత్రం మీ పురుళ్ళు తలుచుకుని వెయ్యండి." తలుచుకోడానికి ఏమీ లేని ఆడది ఆ గదుల్లో ఒక్కర్తీ లేదు.

సాయంత్రం ఆమె కూర వడ్డిస్తుండగా సెనేట్ లెక్క తేలింది. గద్ద యాభై మూడు, కోడిపుంజు యాభై ఏడు. మళ్ళీ లెక్కపెట్టారు. అంతే. ఓటేసిన మగాళ్ళు యాభై ఇద్దరు, ఆడవాళ్ళు యాభై ఎనమండుగురు. మగాళ్ళంతా గద్ద పార్టీయే కదా, ఆ లెక్క అర్థమయ్యేసరికి చెంచాలన్నీ ఆగిపోయాయి. గోడ మీది ఫోను మోగింది. పక్క టౌన్‌షిప్పులోనూ ఇదే వరస, జిల్లా అంతా ఇదే వరస, సీటు పోయినట్టేనట! లియోటాకి గుండె నిండిపోయింది. గరిటె గట్టిగా పట్టుకుంది, లేకపోతే అక్కడే గంతులేసేది.

"కొంపలు ముంచారు కదరా మీ పెళ్ళాలు!" అని అరిచాడు ఆర్వల్. అంతలోనే మొహం వెలిగింది. లేచి ఆమె భుజమ్మీద చెయ్యేశాడు. "అయినా చూశారా, ఒక్కర్తి మాత్రం మాట తప్పలేదు. అదెవరో వేరే చెప్పాలా? మా లియోటా!"

మగాళ్ళంతా ఆమె వైపు మెచ్చుకోలుగా చూశారు. పద్నాలుగేళ్ళలో అలా చూడ్డం ఇదే మొదలు. ఆ ఒక్కరూ ఎవరో ఆమెకి తెలీదు, ఎవరి ఓటు వాళ్ళది. నోరు మూసుకుంటే చాలు, ఈ రాత్రి ఇంట్లో గొడవుండదు. చీటీ మీద పేరుండదు కాబట్టి ఎప్పటికీ బయటపడదు కూడా.

లియోటా అతని చెయ్యి తీసి పక్కన పెట్టింది.

"ఆ ఒక్కర్తీ నేను కాదండీ. మిగతా అందరికీ నేర్పిందాన్ని."