నర్సమ్మ కోసం తెల్ల చామంతులు

ఆ వారం మొదట్లో పూలాయన చేతిలో ఉన్నవి ఇవీ: మెయిన్ రోడ్డు మీద ఒక కొట్టు, దాని వెనక నీళ్ళ బకెట్లు పెట్టుకునే చల్లటి గది, పదును తగ్గని ఒక కత్తెర, ముప్పై ఏళ్ళుగా సంపాదించుకున్న మంచి పేరు. మొదటి మూడూ ఎవరూ ఎత్తుకుపోయేవి కావు. నాలుగోదాన్ని మాత్రం ఆయనే ఒక ఫోన్ కాల్‌తో పణంగా పెట్టాడు.

జరిగింది ఇదీ. ఊళ్ళో కాన్పుల నర్సుగా పనిచేసి రిటైరయిన నర్సమ్మకి ఎనభై దాటాక ఊపిరితిత్తుల జబ్బు చేసింది. డాక్టరు చూసి, "కబురు పెట్టాల్సినవాళ్ళకి పెట్టండి" అన్నాడు. ఊళ్ళో సగం మందిని ఈ లోకంలోకి లాగిన చేతులు ఆవిడవి. పూలాయననీ, ఆయన కూతుర్నీ కూడా. డాక్టరు మాట విని ఊరంతా కళ్ళు తుడుచుకుంది. పూలాయనా తుడుచుకున్నాడు. తుడుచుకున్న చేత్తోనే మార్కెట్ ఏజెంటుకి ఫోన్ చేసి, పన్నెండు బుట్టల తెల్ల చామంతులు పంపమన్నాడు.

ఆయన్ని అనడానికీ లేదు, అనకుండా ఊరుకోడానికీ లేదు. పోయినేడు హెడ్మాస్టరు పోయినప్పుడు కొట్లో ఉన్నవి నాలుగే బుట్టలు. చూస్తూండగానే అయిపోయాయి. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు కొందరు ఒట్టి చేతులతో వెళ్ళారు, కొందరు పక్క ఊరి కొట్టుకి పరుగెత్తారు. నర్సమ్మ చివరి చూపుకి ఎవరూ అలా ఒట్టి చేతులతో వెళ్ళకూడదని పూలాయన అనుకున్నాడు. అందులో ప్రేమ ఎంతో, బేరం ఎంతో విడదీసి చెప్పమంటే ఆయన వల్ల కాదు.

బుట్టలు పట్టపగలు దిగాయి. ఎదురుగానే సెలూన్. సెలూన్ ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. సగం గడ్డం గీసిన గిరాకీని కుర్చీలోనే వదిలేసి రోడ్డు దాటి వచ్చాడు.

"ఏం బావా, ఎవరో పోయినట్టున్నారే, మాకు తెలీకుండా?"

"పెళ్ళికి."

"అన్నీ తెల్లవేనా? పెళ్ళికొడుకు మీద అప్పుడే ఆశ వదిలేసుకున్నారా?"

పూలాయన బుట్టలు లోపలికి మోసుకుపోయాడు. లోపల భార్య నిలబడి ఉంది. ఆవిడ గొడవ పెట్టుకోలేదు. "ఆవిడ ఇంకా ఊపిరి పీలుస్తోంది. మీరు అప్పుడే లెక్క కట్టేశారు" అని, చెప్పులేసుకుని నర్సమ్మకి సాయంగా ఉండటానికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆయనతో ముక్తసరిగా తప్ప మాట్లాడలేదు.

చామంతులు మొగ్గలుగా వచ్చాయి. పూలాయన కాడల చివర్లు ఏటవాలుగా కోసి బకెట్లలో నిలబెట్టాడు. సాయంత్రం భార్య తిరిగి రాగానే, "ఎలా ఉంది?" అని అడిగేవాడు. "అలాగే ఉంది" అనేది. నర్సమ్మ పోతే సరుకు చెల్లుతుంది, ముందుచూపు ఉన్నవాడంటారు. బతికితే బుట్టలు చెత్తకుప్పకి, తను ఆవిడ చావు కోసం కాచుక్కూచున్నవాడి కింద లెక్క. ఇంతకీ తను ఏ జవాబు కోరుకుంటున్నాడు? తన మనసు ఎటు తూగుతుందో తనకే తెలియకపోవడం ఆ వ్యాపారికి అదే మొదలు. మొగ్గలు మాత్రం ఎవరి కోసమూ ఆగకుండా విచ్చుకుంటూ పోయాయి.

ఒకనాడు ఎండవేళ భార్య రోడ్డు మీద పరుగెత్తుకుంటూ వస్తోంది. జుట్టు ముడి ఊడిపోయింది. అంత దూరం నుంచి ఆ పరుగు చూసి పూలాయన చేతిలో కత్తెర కింద పడిపోయింది.

"లేచి కూర్చుంది!" అంది భార్య వగరుస్తూ. "టీ అడిగింది. చక్కెర చాల్లేదని నన్ను తిట్టింది కూడా!"

పూలాయన బోర్లించిన బకెట్ మీద కూలబడ్డాడు. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే నవ్వాడు. ఎదురుగా పన్నెండు బుట్టల పెట్టుబడి విరగబూసి వెక్కిరిస్తోంది. అయినా గుండెల మీంచి బండ దిగిపోయింది. తక్కెడ ఎటు మొగ్గిందో తేలిపోయింది.

"చాల్లెండి, ముక్కు తుడుచుకోండి" అంది భార్య. అన్నాళ్ళకి అది మొదటి మంచి మాట.

ఆ సంతోషం సాయంత్రం దాకా కూడా నిలవలేదు. సెలూన్ ఆయన గుమ్మంలోకి వచ్చాడు.

"బావా, నర్సమ్మ నిన్ను రమ్మంటోంది. చామంతుల సంగతి తెలిసిందట."

"ఎవరు చెప్పారు?"

సెలూన్ ఆయన దువ్వెనలో ఇరుక్కున్న వెంట్రుకల్ని మహా శ్రద్ధగా ఏరడం మొదలుపెట్టాడు.

పూలాయన వెళ్ళాడు. ఆవిడ ముందు తలెత్తుకోగలడా లేదా, ఇక తేలాల్సింది అదొక్కటే. నర్సమ్మ మూడు దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉంది. మనిషి సగమైంది గానీ గొంతు తగ్గలేదు.

"రారా. ఎన్ని బుట్టలు తెప్పించావు నాకు?"

"పన్నెండు, పెద్దమ్మా" అన్నాడు నేల చూస్తూ.

"హెడ్మాస్టరుకి?"

"నాలుగు."

"ఆయనకి మూడింతలు." ఆవిడ కుదుటపడి దిండు మీద జారబడింది. "తక్కువ తెప్పించి ఉంటే ఈ గుమ్మం తొక్కనిచ్చేదాన్ని కాదు."

"తిట్టు పెద్దమ్మా. కొట్టినా పడతాను."

"కొట్టాను కదరా, నువ్వు పుట్టిన రోజే. కాళ్ళు ముందొచ్చాయి నీకు. నల్లబడిపోయావు, ఏడుపు లేదు. వీపు మీద కొడుతూనే ఉన్నాను గానీ ఆశ లేదు. మీ అమ్మకి ఏం చెప్పాలో మాటలు కూర్చుకున్నాను. 'తల్లీ, గుండె దిటవు చేసుకో' అని మొదలుపెట్టాను కూడా. అప్పుడు కెవ్వుమన్నావు, నా మాట పూర్తి కానివ్వకుండా." దగ్గు వచ్చి ఆగింది. "నీ విషయంలో నేను తొందరపడ్డాను, నా విషయంలో నువ్వు. చెల్లుకి చెల్లు."

పూలాయన తల పైకి లేచింది.

"ఇంకోటి" అంది నర్సమ్మ. "తెల్లవి నాకు నచ్చవురా. ఆసుపత్రి దుప్పట్లు గుర్తొస్తాయి. అసలు సమయానికి పసుపుపచ్చవి తెప్పించు. తొందరేం లేదు."

మర్నాటి నుంచి ఆవిణ్ణి చూడ్డానికి ఊరు కదిలింది. వచ్చినవాళ్ళందరినీ ఆవిడ, "నా పువ్వులు వాడి కొట్లో పడున్నాయి, నువ్వు చేతులూపుకుంటూ వచ్చావా?" అని వెనక్కి తిప్పి పంపింది. అలా పూలకొట్టుకి వచ్చినవాళ్ళలో సెలూన్ ఆయనే మొదటివాడు.

వారం చివర లెక్క చూసుకుంటే, మూడు బుట్టలు వాడిపోయి చెత్తకుప్పకి పోయాయి. కొట్టు, గది, కత్తెర ఎక్కడివక్కడే ఉన్నాయి. మంచి పేరుకి ఒక సొట్ట పడింది, సెలూన్ ఆయన బతికున్నంతకాలం అది పూడదు. భార్య మాట్లాడుతోంది, కావలసినదానికంటే కాస్త ఎక్కువే. కొత్తగా చేతికి వచ్చింది పసుపుపచ్చ చామంతులకి తేదీ వేయని ఆర్డరు ఒకటి. అది ఎంత ఆలస్యమైతే పూలాయనకి అంత లాభం.